భయాన్ని కింది నుంచి పట్టండి

చివరిసారి మీరు గట్టిగా భయపడింది ఎప్పుడు? గుర్తు తెచ్చుకోండి. కారణం వద్దు, కథ వద్దు. ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పండి. ఆ భయం ఒంట్లో ఎక్కడ తగిలింది?

హెచ్‌ఆర్ నుంచి "ఒకసారి కాల్‌లోకి రండి" అని మెసేజ్ వచ్చినప్పుడు కాళ్లలో సత్తువ పోయిందా? స్కాన్ రిపోర్ట్ కవరు విప్పుతుంటే పొట్టలో తిప్పిందా? అర్ధరాత్రి ఊరి నుంచి ఫోన్ మోగగానే గుండె గుభేలుమందా? మీటింగ్‌లో మీ పేరు పిలిస్తే గొంతు తడారిపోయిందా?

దొరికిందా? ఆ చోట చెయ్యి పెట్టండి. మీ పని అక్కడి నుంచే మొదలు.

మనలో చాలామంది భయాన్ని తలతో తేల్చుకోవాలని చూస్తారు. "నాకెందుకీ భయం?" అని తవ్వుతారు. తవ్వేకొద్దీ కొత్త కారణాలు బయటపడతాయి. భయం మాత్రం అంగుళం కదలదు. అప్పటికే అది ఒంటిని పట్టేసింది కాబట్టి. నొప్పి, ఆకలి, భయం, కోపం ఒంటిని ఎలా మార్చేస్తాయో అమెరికన్ ఫిజియాలజిస్ట్ వాల్టర్ కానన్ 1915లోనే పుస్తకం రాశాడు. అడ్రినలిన్ రక్తంలోకి వచ్చి పడుతుంది. గుండె వేగం అందుకుంటుంది. జీర్ణం నెమ్మదిస్తుంది. రక్తం కండరాల వైపు పరుగెడుతుంది. తలపడు, లేదంటే పారిపో. ఎదురుగా ఉన్నది పులా, పవర్‌పాయింటా అన్న తేడా అడ్రినలిన్‌కి తెలియదు.

కాబట్టి ఒంటితోనే మొదలుపెడదాం. చక్రాల భాష నాకు ఇక్కడే పనికొస్తుంది.

పేర్లు మీకు తెలిసినవే. వెన్నెముక అడుగున మూలాధారం. అక్కడి నుంచి పైకి స్వాధిష్ఠానం, బొడ్డు దగ్గర మణిపూరం, గుండె దగ్గర అనాహతం, గొంతులో విశుద్ధం, కనుబొమ్మల మధ్య ఆజ్ఞ, నడినెత్తిన సహస్రారం. లలితా సహస్రనామం వినిపించే ఇంట్లో పెరిగినవాళ్లకి ఇవి చిన్నప్పటి నుంచీ చెవిన పడ్డ పేర్లే. త్యాగరాజు కూడా 'స్వరరాగ సుధారస' కీర్తనలో మూలాధారం నుంచి పుట్టే నాదాన్ని తలుచుకున్నాడు.

"చక్రాలు నిజంగా ఉన్నాయా సార్?" ప్రతి క్లాసులో ఈ ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. ఆర్య సమాజం స్థాపించిన స్వామి దయానంద సరస్వతి తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పుకున్నారు. యువ సన్యాసిగా తిరుగుతున్న రోజుల్లో నదిలో కొట్టుకొచ్చిన ఒక శవాన్ని ఒడ్డుకు లాగి, కోసి, పుస్తకాల్లో రాసిన చక్రాల కోసం వెతికారట. కనపడలేదు. ఆ పుస్తకాలను చింపి శవంతో పాటే నీళ్లలోకి విసిరేశారు. ఆయన నిజాయితీకి దండం పెట్టాలి. కాకపోతే ఒక్క మాట. ఆ శవంలో భయం కూడా దొరికి ఉండదు.

నేను చక్రాన్ని అవయవంగా చూడను. అడ్రస్‌గా చూస్తాను. భయం ఎక్కడ దిగిందో తెలిస్తే ఏ పని చేయాలో తెలుస్తుంది. అంతవరకే దానితో మన అవసరం. అది చాలా పెద్ద అవసరం.

రెండు భయాలు, రెండు అడ్రస్‌లు

ఇప్పుడొచ్చే పుస్తకాలు ఏది తెరిచినా భయం మూలాధారంలో ఉంటుందని చెబుతాయి. ఆ మాటకి బాగా ప్రచారం తెచ్చినవాళ్లలో అమెరికన్ రచయిత్రి అనోడియా జూడిత్ ఒకరు. 1996లో వచ్చిన 'ఈస్టర్న్ బాడీ, వెస్టర్న్ మైండ్' పుస్తకంలో ఆమె ఒక్కో చక్రానికి ఒక్కో శత్రువుని చెప్పింది. మూలాధారానికి శత్రువు భయం. మణిపూరానికి సిగ్గు. అనాహతానికి దుఃఖం.

పాత పట్టిక వేరు. 1577లో పూర్ణానంద యతి రాసిన 'షట్చక్ర నిరూపణం' అనే సంస్కృత గ్రంథాన్ని కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రాఫ్ 1919లో 'ద సర్పెంట్ పవర్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చాడు. చక్రాలను పద్మాలుగా గీస్తారు కదా, దాని ముందుమాటలో ఏ చక్రం దళాల్లో ఏ మనోవృత్తి ఉంటుందో తంత్ర సంప్రదాయం చెప్పిన లెక్క ఇచ్చాడు. అందులో మూలాధారం నాలుగు దళాల్లోనూ ఉన్నది ఆనందమే. నాలుగు రకాల ఆనందం. భయం కనిపించేది పైన, మణిపూరంలో, పది దళాల్లో ఒకటిగా. దాని చుట్టూ ఎవరున్నారో చూడండి. లజ్జ, ఈర్ష్య, తృష్ణ, విషాదం, మోహం.

ఎవరు కరెక్ట్? ఈ పంచాయితీలో మీరు టైమ్ వేస్ట్ చేసుకోకండి. నేను రెండూ తీసుకుంటాను. భయాలు నిజంగానే రెండు రకాలు.

మొదటిది బతుకు భయం. జీతం ఆగితే? ఈఎంఐ కట్టలేకపోతే? వీసా రెన్యువల్ కాకపోతే? గుండెలో స్టెంట్ వేశారు, మళ్లీ నొప్పి వస్తే? ఇది కాళ్లని పడుతుంది. నిద్రని పడుతుంది. కింద నేల ఉందా లేదా అన్న అనుమానం ఇది. దీన్ని మూలాధారం ఖాతాలో రాసుకోండి.

రెండోది నలుగురి భయం. ర్యాంకు రాకపోతే బంధువులకి ఏం చెప్పాలి? స్టేజి మీద తడబడితే? పెళ్లి సంబంధం వెనక్కి పోతే? బాస్ ముందు "నాకు రాదు" అని ఎలా అనాలి? ఇది పొట్టలో తిప్పుతుంది. దీని పక్కనే సిగ్గు ఉంటుంది, పోలిక ఉంటుంది. పాత పట్టికలో ఎవరి పక్కన ఎవరున్నారో మళ్లీ చూడండి. దీన్ని మణిపూరం ఖాతాలో రాసుకోండి.

కాగితం తీయండి. ఇప్పుడే. మీకున్న భయాలన్నీ రాసి, ఒక్కోదాని ఎదురుగా 'నేల' అనో 'నలుగురు' అనో రాయండి. చాలామందికి ఇక్కడే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. బతుకు భయం అనుకున్నవి సగం నలుగురి భయాలుగా తేలతాయి. ఉద్యోగం పోతే ఆరు నెలలు గడిచే డబ్బు చేతిలో ఉంటుంది. అసలు భయం అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఎదురయ్యే పక్క ఫ్లాట్ అంకుల్‌కి ఏం చెప్పాలన్నది.

పై నుంచి మొదలుపెట్టిన మనిషి

ఇప్పుడు ఒక నిజమైన మనిషి గురించి చెప్తాను. పేరు గోపీ కృష్ణ. 1903లో కాశ్మీర్‌లో పుట్టాడు. లాహోర్‌లో చదువుకుంటూ కాలేజీ పరీక్ష తప్పాడు. ఇంట్లో అతని మీద పెట్టుకున్న ఆశలు కూలిపోయాయి. ఆ దెబ్బతో మనసుని అదుపులో పెట్టుకోవాలని ధ్యానం మొదలుపెట్టాడు. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. రోజూ తెల్లవారుజామున లేచి నడినెత్తిన ఒక పద్మం ఉన్నట్టు ఊహించుకుంటూ కూర్చునేవాడు. అలా 17 ఏళ్లు.

1937 డిసెంబరులో, జమ్మూలో, ఒక ఉదయం ధ్యానంలో ఉండగా జలపాతం లాంటి హోరుతో వెన్నెముక గుండా వెలుగు తలలోకి ఎగదన్నింది. ఇలాంటి కథలు ఇక్కడితో ఆపేస్తారు. "జ్ఞానోదయం అయింది" అని చప్పట్లు కొట్టిస్తారు. గోపీ కృష్ణ ఆపలేదు. ఆ తర్వాత జరిగిందే అతని పుస్తకంలో ఎక్కువ పేజీలు.

నిద్ర పోయింది. ఆకలి పోయింది. ఒళ్లంతా మంటలు. భార్యాపిల్లల మీద ప్రేమ కూడా ఆరిపోయినట్టు అనిపించింది. అన్నిటికీ మించి భయం. పిచ్చి పట్టేస్తుందన్న భయం, చచ్చిపోతానన్న భయం. ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. వెళ్లి అడిగిన పెద్దల దగ్గరా సరైన జవాబు దొరకలేదు.

ఎలా బయటపడ్డాడు? శక్తి వెన్నెముక మధ్యలోని సుషుమ్న నాడిలో కాక, వేడిని పుట్టించే కుడి పక్క పింగళ నాడిలో ఎక్కిందేమో అని అతనికి తట్టింది. ప్రాణం పోతుందనుకున్న ఒక రాత్రి, ఎడమ పక్క ఇడా నాడిలో చల్లని ధార పైకి పోతున్నట్టు ఉన్న బలమంతా కూడదీసుకుని ఊహించాడు. ఉపశమనం దొరికింది. మీరు ఎక్కువగా గమనించాల్సింది దాని తర్వాత సంగతి. అతన్ని నిలబెట్టింది తిండి. ఇంట్లోవాళ్లు వేళ తప్పకుండా, కొన్ని గంటలకోసారి, కొద్దికొద్దిగా పెట్టిన తిండి. పొట్ట ఖాళీగా ఉంటే మంట తిరగబెట్టేది. తింటే తగ్గేది. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. మధ్యలో ధ్యానం మళ్లీ పెంచినప్పుడు మళ్లీ కిందపడ్డాడు, మళ్లీ తిండీ విశ్రాంతితోనే లేచాడు. ఆ అనుభవమంతా 'కుండలిని' అనే పుస్తకంగా 1967లో వచ్చింది. 1984 దాకా బతికాడు.

ఆ అనుభవానికి డాక్టర్లు ఒక పేరు పెడతారు, యోగులు ఇంకో పేరు పెడతారు. పేరు సంగతి వాళ్లు చూసుకుంటారు. కోచ్‌గా నాకు కనిపించేది ఇది. పద్మం నడినెత్తిన పెట్టుకున్నాడు. కోలుకున్నది మాత్రం కంచం దగ్గర.

మీరు కూడా ఇదే తప్పు చేస్తున్నారేమో చూసుకోండి. రాత్రి రెండింటికి పడుకుంటారు. టిఫిన్ మానేస్తారు. పొద్దున యూట్యూబ్‌లో 'థర్డ్ ఐ యాక్టివేషన్' వీడియో పెట్టుకుని కూర్చుంటారు. భయం తగ్గడం లేదని కంప్లైంట్. ఎలా తగ్గుతుంది?

కింది నుంచి రండి.

ముందు నేల

మూలాధారం తత్త్వం పృథ్వి. బీజాక్షరం లం. బొమ్మలో దాన్ని మోసేది ఏనుగు. ఎగిరే పక్షిని పెట్టలేదు, గమనించండి. రాబోయే నాలుగు వారాలు మీ పని బరువుగా, నెమ్మదిగా, బోరింగ్‌గా ఉండాలి. బోర్ కొట్టిందా, కరెక్ట్‌గా చేస్తున్నారన్నమాట.

1. తిండికి టైమ్ పెట్టండి. మూడు పూటలూ, రోజూ ఒకే వేళకి. ఆకలికీ ఆందోళనకీ తేడా తెలియని స్థితిలో ఉన్నారు మీరు. చెయ్యి వణికితే ముందు ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో అడగండి. కాఫీ రోజుకి ఒకటి, మధ్యాహ్నం తర్వాత సున్నా. కెఫీన్‌తో వచ్చే గుండెదడా, భయంతో వచ్చే గుండెదడా ఒంటికి ఒకేలా ఉంటాయి. ఆ కన్‌ఫ్యూజన్ మీకు అక్కర్లేదు.

2. లేచే టైమ్ ఫిక్స్ చేయండి. పడుకునే టైమ్ మీ చేతిలో ఉండకపోవచ్చు. లేచే టైమ్ ఉంటుంది. ఆదివారం కూడా అదే.

3. నేల మీద నిలబడండి. చెప్పులు విప్పి, గచ్చు మీదో మట్టి మీదో, రెండు పాదాల మీద బరువు సమానంగా. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలు వస్తాయి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. దీనికి నమ్మకం అవసరం లేదు, ఒళ్లు ఉంటే చాలు. ఇష్టమున్నవాళ్లు ఊపిరి వదిలేటప్పుడు మనసులో 'లం' అనుకోండి.

4. అంకెలు రాయండి. బతుకు భయానికి పొగమంచంటే ఇష్టం. "డబ్బు చాలదు" అనే మాటలో ఎంత భయమైనా పడుతుంది. నెలకి కచ్చితంగా కావాల్సింది ఎంత, చేతిలో ఉన్నది ఎంత, ఎన్ని నెలలకి వస్తుంది అని రాసిన కాగితంలో అంత చోటు ఉండదు. అంకె చిన్నదైనా సరే రాయండి. ఆరోగ్యం భయమైతే బీపీ ఎంత, షుగర్ ఎంత, డాక్టర్ మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఏ లక్షణం కనపడితే వెంటనే వెళ్లాలి అన్నవి డాక్టర్‌నే అడిగి ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. గూగుల్ బంద్.

ఇంతేనా అనిపిస్తోందా? ఇంతే. ఈ నాలుగూ వరసగా నాలుగు వారాలు చేసినవాళ్లు చాలా తక్కువ. మీరు చేయగలరు. చేస్తారు.

ఉత్తరుడికి దొరికిన కోచ్

ఇప్పుడు పొట్ట దగ్గరికి వద్దాం. మణిపూరానిది అగ్ని తత్త్వం. అగ్నికి ఆహారం పని. నలుగురి భయం ఆలోచనతో తగ్గదు, పనితోనే తగ్గుతుంది. ఎంత పని? ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఒక్కసారే పెద్ద పని పెట్టుకుంటారు, కుదరదు, "నా వల్ల కాదు" అని తీర్పు చెప్పేసుకుంటారు.

విరాట పర్వం గుర్తుందా? ఉత్తర కుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ప్రగల్భాలు పలికి, కౌరవ సేనని కళ్లారా చూడగానే రథం దిగి పరుగు లంకించుకుంటాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకుంటాడు. తర్వాత ఏం చేశాడు? గమనించండి, ఇది కోచింగ్‌లో మాస్టర్ క్లాస్. "వెళ్లి యుద్ధం చెయ్యి" అనలేదు. "ఇంటికి పో" అని కూడా అనలేదు. మొదట జమ్మి చెట్టు ఎక్కమన్నాడు. ఆయుధాలు దింపమన్నాడు. తర్వాత పగ్గాలు చేతికిచ్చి, నువ్వు రథం నడుపు, యుద్ధం నేను చూసుకుంటానన్నాడు. పారిపోయిన కుర్రాడు అదే రోజు అదే సేన మధ్యలోకి రథం తోలాడు.

ఉత్తరుడికి ధైర్యం కలగాలని అర్జునుడు తన పది పేర్లూ చెప్పింది కూడా అక్కడే. ఉరిమినప్పుడు "అర్జునా, ఫల్గుణా" అంటూ మన ఇళ్లలో పిల్లలతో అనిపించేవి ఆ పేర్లే. దాన్ని మూఢనమ్మకం అని నవ్వకండి. ఒక్క ఊపిరిలో వరసగా పేర్లు చదివే పిల్లాడి ఊపిరి పొడుగవుతుంది, దృష్టి పిడుగు మీంచి పేర్ల మీదికి మళ్లుతుంది. మన అమ్మమ్మలు బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ అనే మాట వినకుండానే నేర్పేశారు.

దక్షిణాఫ్రికా సైకియాట్రిస్ట్ జోసెఫ్ వోల్పే 1958లో రాసిన పుస్తకంతో ప్రపంచానికి పరిచయమైన పద్ధతి కూడా దాదాపు ఇదే. భయాన్ని మెట్లుగా విడగొట్టు. చిన్న మెట్టు మీద ఒంటిని శాంతపరుచు. అది అలవాటయ్యాకే పై మెట్టు.

యాక్సిడెంట్ తర్వాత మీరు బండి ఎక్కలేకపోతున్నారనుకోండి. ఎముక అతుక్కుంది, డాక్టర్ ఓకే అన్నారు, అయినా కీ చేతిలోకి తీసుకుంటే చెమటలు. ఒక్కో పనికీ సున్నా నుంచి 100 దాకా భయం మార్కులు వేయండి.

బండి పక్కన నిలబడి తుడవడం: 20.
స్టాండ్ మీదే ఎక్కి కూర్చోవడం: 30.
స్టార్ట్ చేసి ఆపేయడం: 40.
ఆదివారం పొద్దున్నే మన వీధిలో ఒక రౌండ్: 55.
మెయిన్ రోడ్డు దాకా: 70.
సాయంత్రం ట్రాఫిక్‌లో ఆఫీసు నుంచి ఇంటికి: 85.
దెబ్బ తగిలిన ఆ జంక్షన్ మీదుగా: 100.

రూల్స్ రెండే. ఒకటి, మెట్టు మీద ఉన్నంతసేపూ పారిపోవద్దు. భయం పైకి వెళ్తుంది, కాసేపు అక్కడే ఉంటుంది, తర్వాత దిగుతుంది. మార్కులు సగానికి పడేదాకా ఆ పనిలోనే ఉండండి. పీక్‌లో దిగిపోతే ఒంటికి తప్పు పాఠం అందుతుంది: "పారిపోయాను కాబట్టి బతికాను" అని. రెండు, ఒక మెట్టు బోర్ కొట్టేదాకా పై మెట్టు ముట్టుకోవద్దు. బండి తుడవడానికి వారం పట్టిందా? పట్టనివ్వండి. ఎవరికీ చెప్పక్కర్లేదు.

స్టేజి ఫియర్‌కి, ఇంటర్వ్యూకి, లిఫ్ట్ భయానికి, ఒంటరిగా బస్సెక్కడానికి, అన్నిటికీ ఇదే నిచ్చెన. మెట్లు మీవి, మార్కులు మీవి. ఈ రాత్రికి ఏడు మెట్లు రాయండి. రేపు మొదటి మెట్టు.

మిగతావి త్వరగా

స్వాధిష్ఠానం మీద ఒక్క మాట. పాత పట్టికలో అక్కడ అవిశ్వాసం ఉంటుంది. పెద్ద భయం నుంచి కోలుకుంటున్నవాళ్లు తమ ఒంటినే నమ్మరు. చిన్న మంట పుట్టినా గుండెపోటే అనుకుంటారు. ఒంటితో మళ్లీ స్నేహం చేయండి. ఈత, డాన్స్, తోటపని, నచ్చినది ఏదైనా. ఒంట్లో సంతోషం కూడా పుడుతుందని దానికి గుర్తుచేయాలి.

అనాహతం పన్నెండు దళాల్లో ఆశ, చింత పక్కపక్కనే ఉంటాయి. ఎవరి మీద ఆశ ఎక్కువో వాళ్ల గురించే చింతా ఎక్కువ. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు తెనాలిలో. రెండు వైపులా రాత్రి ఫోనంటే హడలే. దీనికి మందు ఒక్కటే, ఒక మనిషికి చెప్పుకోవడం. చెప్పే ముందే కండిషన్ పెట్టండి: "సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు." మన ఇళ్లలో సలహా ఇవ్వకుండా వినేవాళ్లని వెతికి పట్టుకోవడమే కష్టం. వెతకండి.

విశుద్ధం అంటే గొంతు. భయాన్ని పైకి, వినపడేలా, ఒక్క వాక్యంలో చెప్పండి. "ఉద్యోగం పోతుందని నాకు భయంగా ఉంది." గదిలో ఒక్కరే ఉన్నా సరే.

ఆజ్ఞ అంటే ఆలోచన. అది పగలు పనిచేస్తుంది, రాత్రి కథలు రాస్తుంది. రాత్రి పది తర్వాత వచ్చే ఏ ఆలోచన మీదా నిర్ణయం తీసుకోవద్దు. మంచం పక్కన నోట్‌బుక్ పెట్టి, వచ్చిన ఆలోచనని అందులో రాసి, "రేపు పది గంటలకి చూస్తా" అని పక్కన పెట్టేయండి. పదింటికి నిజంగానే చూడండి. సగానికి పైగా మీకే నవ్వు తెప్పిస్తాయి.

ఎదురుగా చూసిన కుర్రాడు

కింద నేల గట్టిపడ్డాక ఇంకో దారి తెరుచుకుంటుంది. 1896లో మదురైలో, బాబాయి ఇంటి మేడ గదిలో, పదహారేళ్ల కుర్రాడొకడు ఉన్నట్టుండి చావు భయానికి లోనయ్యాడు. జబ్బేమీ లేదు. డాక్టర్ దగ్గరికి పరుగెత్తలేదు. కాళ్లూ చేతులూ బిగదీసి శవంలా పడుకుని, పెదవులు మూసి, ఊపిరి బిగబట్టి, చచ్చిపోయేది ఏమిటి, మిగిలేది ఏమిటి అని లోపలికి చూశాడు. కొద్ది నిమిషాల్లో ఆ భయం శాశ్వతంగా పోయింది. కొద్ది వారాలకే, సెప్టెంబరు 1న, అరుణాచలం చేరుకున్నాడు. ఆయనకి 1907లో రమణ మహర్షి అని పేరు పెట్టింది మన విజయనగరం వైపు నుంచి వెళ్లిన కావ్యకంఠ గణపతి ముని.

ఆ సీన్‌ని మీరు కాపీ కొట్టకండి. గుండెదడ వస్తుంటే ఊపిరి బిగబట్టే ప్రయోగాలు వద్దు. తీసుకోవాల్సింది ఆ ప్రశ్నని. భయం 30, 40 మార్కుల్లో ఉన్నప్పుడు, కుర్చీలో కూర్చుని, కళ్లు తెరుచుకునే అడగండి: "భయపడుతున్నది ఏది? నా ఉద్యోగమా, నా పేరా, నా ఒళ్లా? ఈ భయాన్ని చూస్తున్నది ఎవరు?" జవాబు రాకపోయినా నష్టం లేదు. అడిగేవాడికీ భయానికీ మధ్య జానెడు ఎడం వస్తుంది. మొదట్లో అంత చాలు.

యోగ సూత్రాల్లో పతంజలి చావు భయాన్ని అభినివేశం అన్నాడు. ఐదు క్లేశాల్లో అది చివరిది. పండితులకి కూడా తప్పదని ఒప్పుకున్నాడు. కాబట్టి మీకు ఇంకా భయం ఉందంటే మీ సాధనలో లోపం ఉందని కాదు. మంచి కంపెనీలోనే ఉన్నారు.

జేబు జాగ్రత్త

భయపడే మనిషి దగ్గర డబ్బు తేలిగ్గా రాలుతుంది. అది తెలిసినవాళ్లు ఊరూరా ఉన్నారు. రంగురాళ్లు, చక్రా బ్రేస్‌లెట్లు, వీకెండ్‌లో ఏడు చక్రాలూ ఓపెన్ చేసే వర్క్‌షాపులు. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. వేసుకుంటున్న మందులు ఆపమంటున్నారా? ఇంట్లోవాళ్లకి చెప్పొద్దంటున్నారా? ఫలితం రాకపోతే తప్పు మీదే అంటున్నారా? ఒక్కదానికి అవునని జవాబొచ్చినా చెప్పులేసుకుని బయటికి రండి. కొందరు గురువులు కోప్పడతారు. పడనివ్వండి.

ఇంకో గీత కూడా గీసి పెడుతున్నాను, దీనిమీద బేరం లేదు. భయం వల్ల రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, తిండి పోకపోయినా, ఇల్లు దాటి బయటికి వెళ్లలేకపోతున్నా, బతకాలని లేదనిపించినా చక్రాల పుస్తకం మూసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఛాతీలో కొత్తగా నొప్పి వస్తే అది భయమా, గుండె జబ్బా అని మీరే తేల్చుకోకండి, ఆసుపత్రిలో తేలుస్తారు. మనసు విప్పి మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మందు వాడుతూ నేల మీద నిలబడొచ్చు. రెండిటికీ గొడవ లేదు.

అది మళ్లీ వచ్చినప్పుడు

వస్తుంది. ఇప్పుడే చెప్పేస్తున్నాను. అంతా బాగుందనుకున్నాక, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఏ కారణమూ లేకుండా కాళ్లలో సత్తువ పోతుంది. "మళ్లీ మొదటికొచ్చాను" అనే వాక్యం నాలుక చివరికి వస్తుంది. అది అనొద్దు. ఆ రోజు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి.

పొద్దున ఏం తిన్నారో చూసుకోండి. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో చూసుకోండి. చెప్పులు విప్పి నిలబడండి, నాలుగు పీల్చి ఆరు వదలండి. నిచ్చెన కాగితం తీసి, ఉన్న మెట్టు నుంచి రెండు మెట్లు దిగి, ఆ పని ఈ రోజే చేయండి. 70 దగ్గర ఉన్నారా, 40కి దిగండి. బండి స్టార్ట్ చేసి, ఆపేసి, ఇంట్లోకి వచ్చి అన్నం తినండి. కాగితం మీద తేదీ వేసి టిక్ పెట్టండి. రేపటి మెట్టు సంగతి రేపు పొద్దున టిఫిన్ అయ్యాక చూద్దురుగాని.